అమ్మ తోమిన వజ్రం

రేపు కాకినాడలో సెమినార్. రొయ్యల చెరువు నీళ్ళలో కరెంటు పెడితే వజ్రం పూత ఎలక్ట్రోడ్‌కీ, మెటల్ ఆక్సైడ్ పూత దానికీ వచ్చే తేడా మీద నా పేపరు. చూపించడానికి రెండింటినీ నిన్న రాజమండ్రిలో మా ఇంటికి తెచ్చాను. రెండూ అగ్గిపెట్టెంత నల్ల రేకులే. వజ్రానిది మా గైడ్‌గారు ఎవరినో బతిమాలి తెప్పించింది కాబట్టి దూదిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆక్సైడ్‌ది మేం చేసుకున్నదే కదా అని వంటింటి గట్టు మీద వదిలేశాను.

పొద్దున్న పక్కింటి పిన్నిగారు వజ్రం చూస్తానని వచ్చారు. బీరువాలోది తీసి, ముట్టుకోనివ్వకుండా చూపించి పెద్ద లెక్చరిచ్చాను.

"వజ్రమంటే మెరవాలి కదా బాబూ?" అన్నారావిడ.

"అది నగల వజ్రమండి, ఇది సైన్సు వజ్రం," అన్నాను, కాస్త జాలిగా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ పూజసామాన్లు తోముతోంది. వాటి మధ్య గట్టు మీది రేకు. గబుక్కున అందుకున్నాను.

"చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు, అన్నీ అయ్యాయిరా. ఇంత మొండి మసి ఎక్కడా చూళ్ళేదు. నాసిరకం సరుకు, ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చెయ్," అంది.

ఆక్సైడ్ పూతైతే ఆ తోముడికి ఎప్పుడో ఊడిపోయేది. దీని మీద గీతైనా పడలేదు. అంటే పొద్దున్న పిన్నిగారికి నేను చూపించింది...

రేపు సెమినార్‌లో "వీటిలో వజ్రం ఏదండీ?" అని ఎవరైనా అడిగితే? కూడా చింతపండు పట్టుకెళ్ళనా, అమ్మనే తీసుకెళ్ళనా? మీరే చెప్పండి.