మబ్బుకు అరకేజీ వంకాయలు

బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి దిగిపోయాక నా దగ్గర మిగిలిన విద్య ఒక్కటే. ఏ బస్సు ఏ పల్లెకు ఎన్నింటికి చేరుతుందో, తిరుగు బస్సు ఎప్పుడో నాకు కాగితం చూడకుండా తెలుసు. ఆ విద్య కళాకారులకు పనికొస్తుందని కనిపెట్టినవాడు నా మిత్రుడు, ఒక ఉపాధ్యాయుడు. పల్లెబడుల పిల్లలకు నాటకాలు, కథలు చూపించాలని అతని కోరిక. కళాకారులను వెతికేది అతను. వాళ్ళను బస్సెక్కించి, బడి దగ్గర దించి, అన్నం తినిపించి, చీకటి పడేలోగా తిరిగి పంపేది నేను.

అలా కొన్నేళ్ళుగా చాలా బడులు తిరిగాను. తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చినప్పుడు పగటి వెలుతురులో బొమ్మలు కనపడవని తరగతి గది కిటికీలకు దుప్పట్లు కట్టాం. అనంతపురం నుంచి వచ్చిన నాటకాల యువకులు పిల్లలను చెట్లుగా నిలబెట్టి, గాలి వస్తోంది, ఊగండి అన్నారు. ఒక పాప మాత్రం కదలలేదు. ఎందుకమ్మా అంటే, "మాది కంపచెట్టు సార్. ఊగేది లేదు, దగ్గరికొచ్చే గీకుతాది" అన్నది.

ఇవన్నీ ఏ రోజుకారోజు డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. కథలు చెప్పే ఆమె వచ్చిన రోజున మాత్రం "వాన లేదు. కార్యక్రమం జరిగింది" అని రాసి వదిలేశాను. ఆ రోజు అంతకు మించి రాయబుద్ధి కాలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా నా జ్ఞాపకమే.

ఆమెది కణేకల్ వైపు పల్లె. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళు. కథ చెప్పేది ఆమె. ఆయన పక్కన కూర్చుని ఊ కొట్టేవాడు. ఇంట్లో అవ్వ కథ చెబితే మనవడు ఊ కొట్టినట్టే గానీ, ఆయన కొట్టే ఊ వేరని విన్నవాళ్ళు చెబుతారు. ఒకచోట భయంగా, ఒకచోట వెటకారంగా, ఒకచోట కథ సాగదీస్తున్నావని కోప్పడుతున్నట్టుగా కొట్టేవాడట. ఆయన చనిపోయాక ఆమె కథలు మానేసింది. బెంగళూరులో కూలిపనులు చేసుకునే కూతురు వచ్చెయ్యమని పిలుస్తోంది. నా మిత్రుడు పోయి, ఒక్క బడిలో చెప్పి చూడమ్మా అని బతిమాలి ఒప్పించాడు.

వజ్రకరూరు వైపు పోయే బస్సులో నా ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి చెప్పింది.

"అన్నా, ముందే చెప్తాండా. ఆయప్ప పోయినాక నేను కతకని నోరు తెరిసింది లేదు. ఈ పొద్దు నడిచ్చే సరే. నడవలేదంటే ఇంగ నన్ను పిలవొద్దు. బెంగుళూరికి పోయి కూతురి పిల్లోళ్ళను చూసుకుంటా పడింటా."

"నడిచ్చాదిలేమ్మా."

"నువ్వు బస్సులు నడిపినోనివి. కత నడిచేది నీకెట్ల తెలుసు?"

"నేను నడపలేదమ్మా. వాటిని పంపించేటోన్ని, అంతే."

"అదీ లేదా!" అని ముందుకు తిరిగి కూర్చుంది.

ఆ బడి హెడ్మాస్టరు మంచివాడు, పద్ధతి మనిషి. ఆయన బడిలో చెప్పులు కూడా వరుసలో ఉంటాయి. బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తే పిల్లలు గలాటా చేయకుండా నోటి మీద వేలు పెట్టుకుని కూర్చోవాలని ఆయన నియమం. అది అతిథికిచ్చే మర్యాద. మేం పోయేసరికి పిల్లలందరూ ప్రార్థన చేసే చోట, గోడ నీడలో, నోళ్ళ మీద వేళ్ళు పెట్టుకుని బొమ్మల్లా కూర్చుని ఉన్నారు.

"ఎట్లుండారు సార్ మా పిల్లోళ్ళు? సప్పుడొచ్చే నన్నడుగు" అన్నాడు నాతో. ఆ గొంతులో గర్వం ఉంది.

ఆమె వరండాకు వీపు పెట్టి చాప మీద కూర్చుంది. కొంగు సర్దుకుని మొదలుపెట్టింది.

"ఒగ ఊర్లో వాన పడి శానా దినాలాయ."

ఆగింది. పిల్లలు చూస్తున్నారు.

"ఆ ఊర్లో గొర్రెలు కాసే ఆయప్ప ఒగడుండె."

మళ్ళీ ఆగింది. ఆమె దేనికి ఆగుతోందో నాకు అప్పుడు అర్థమైంది. పిల్లల నోళ్ళ మీద వేళ్ళు అలాగే ఉన్నాయి.

"ఏమప్పా, మీ నోర్లకు దెబ్బ తగిలిందా యేమి?"

నవ్వు పెదాల దాకా వచ్చినవాళ్ళు కూడా హెడ్మాస్టరు వైపు చూసి వేలు ఇంకా గట్టిగా అదుముకున్నారు. నేనే ఊ అందామనుకున్నాను. కానీ ఆమె అడుగుతున్నది పిల్లలను. బస్సులో ఆ మాటలన్నీ విన్న నేను ఇప్పుడు ఊ అంటే అది జాలి కింద లెక్క. ఊరుకున్నాను.

ఇంకో రెండు మాటలు చెప్పింది. గొంతు తగ్గిపోయింది. గొర్రెలకు నీళ్ళు లేవని, ఆ కాపరి కొండెక్కి మబ్బును అడగడానికి పోయాడని చెబుతోందే గానీ, ఆ మాటలు ఆమె ఒళ్ళోనే పడుతున్నాయి. చాప అంచు పట్టుకుంది. లేచేస్తుందనుకున్నాను.

అప్పుడు హెడ్మాస్టరు జేబులో ఫోన్ చప్పుడు లేకుండా అదిరింది. ఆయన గబగబా వరండాలోకి పోయాడు.

"ఊ" అన్నాడు అక్కడినుంచి.

ఆమె తల ఎత్తింది. చాప వదిలేసింది.

"కొండెక్కినాడా, మబ్బు ఆడ కూకోనుండాది."

"ఊ."

"ఏమయ్యా, ఇంత దూరం యాల వచ్చినావు అని అడిగె మబ్బు."

"ఊ, ఊ. చెప్పు."

ఆమెకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. చేతులు ఆడాయి. కాపరి గొంతు ఒకటి, మబ్బు గొంతు ఒకటి, మధ్యలో గొర్రె అరుపు. పిల్లలకు మాత్రం వరండా ఎదురుగా కనపడుతోంది. ఎవరు ఎవరికి ఊ కొడుతున్నారో వాళ్ళకు తెలుసు. వేళ్ళ వెనక బుగ్గలు ఉబ్బుతున్నాయి.

"మబ్బు అనె గదా: సరే, మీ ఊరికి వచ్చా, వాన కురిపిచ్చా. నాకేమి పెడ్తావు?"

"వంకాయలు అరకేజీ సాలు" అన్నాడు హెడ్మాస్టరు.

ఇక ఆ వేళ్ళు నిలవలేదు. బడి మొత్తం పగలబడి నవ్వింది. ఆమె తడుముకోలేదు.

"అరకేజీ వంకాయలు సాలు అనె మబ్బు!"

"ఉల్లిగడ్డలు వద్దా అవ్వా?" అన్నది ముందు వరుస పిల్ల.

హెడ్మాస్టరు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. "ఏమిరా, యాల నగుతాండారు?"

ఆమె వెనక్కి తిరిగి మెచ్చుకోలుగా అన్నది. "పిల్లోళ్ళ నేమీ అనొద్దు సామీ. నువ్వు ఊ కొట్టకపోతే నా కత నిలబడిపోతాండె."

"నేనెప్పుడు కొట్టినానమ్మా? మా ఇంటామె సంత సామాన్లు చెప్తాంటే వింటాంటి."

"అంటే నాకు గాదా?"

"లేదమ్మా" అన్నాడు పాపం, నిజం చెప్పే మనిషి.

ఆమె ముఖంలో వెలుగు పోయింది. నెమ్మదిగా పిల్లల వైపు తిరిగి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. నాకు బస్సులో ఆమె అన్న మాటే చెవుల్లో ఉంది.

"అవ్వా" అన్నది ఆ ముందు వరుస పిల్లే. "మబ్బు వంకాయలు తినెనా, లేదా?"

ఆమె మళ్ళీ చాప అంచు పట్టుకుంది.

"చెప్పవ్వా. గొర్రెలాయప్పకు వంకాయలు యాడ దొరుకుతాయి? వానే లేదు గదా!"

ఆమె ఆ పిల్లనే చూసింది. "అదే గదమ్మా వాని కష్టం. వాన వచ్చేనే వంకాయ కాచ్చాది. వంకాయ తెచ్చేనే వాన వచ్చాది. ఇప్పుడు వాడేమి చేయల్ల?"

"ఊ!" అన్నారు నలుగురైదుగురు. వెంటనే భయపడి, వేళ్ళు మళ్ళీ నోటి మీద పెట్టుకుని హెడ్మాస్టరు వైపు చూశారు. ఆయన వాళ్ళ చేతుల వైపు చూశాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"వేళ్ళు తీయండిరా" అని తనూ నేల మీద కూర్చున్నాడు.

ఆ తరువాత కథ నడవడం కాదు, పరుగెత్తింది. మాట పూర్తికాక ముందే ఊ. ఆగితే ఊ, ఆగకపోయినా ఊ. కాపరి పై ఊరి బావి దాకా పోయి, వంకాయలకు బదులు గొర్రెపిల్లను ఇవ్వబోయి, ఇవ్వలేక ఏడ్చిన చోట కూడా ఊ అని అరిచారు. మబ్బు వాన కురిపించిందో లేదో నాకు సరిగా వినపడలేదు. అంత గోల.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఊ కొట్టేది తెలీదు వాళ్ళకు" అన్నది. "ఆయప్ప ఒగ ఊ కొట్టెనంటే నేను దాని మీద నిలబడి ఊపిరి పీల్చుకుంటాంటి. వీళ్ళు నిలబడనియ్యరే! ఎనక కుక్క తరిమినట్లుండాది."

"అయితే ఇంగ వద్దా అమ్మా?"

దూరంగా బస్సు దుమ్ము కనపడింది. ఆమె చెప్పు విదిలించి రాయి తీసేసుకుంది.

"ఆ ఏడ్చే తావు ఉండాది సూడు, ఆడ ఊ అనగూడదు. గమ్మునుండల్ల. అది వాళ్ళకు నేర్పియ్యల్ల" అన్నది. "ఇంగో ఇస్కూలు ఎప్పుడు?"