గింజలను భయపెట్టే ఫెర్మీనా

లియోన్ కొండల్లోని ఆ చిన్న పూటకూళ్లింట్లో గురువారమంటే ఫెర్మీనా వండే చిక్కుడు గింజలు, పుట్టగొడుగుల కూరే. డెబ్బై దాటినా గరిటె వేరొకరికి ఇవ్వదు. పుట్టగొడుగులకు నీళ్లు తగలనివ్వదు. పోయిన మొగుడు గడ్డం గీసుకునే బ్రష్షుతో, పసిపిల్ల మొహం తుడిచినట్టు, ఒక్కోదానికీ మట్టి దులుపుతుంది. గింజలు తెర్లినప్పుడల్లా చెంబెడు చన్నీళ్లు పోసి, అలా మూడుసార్లు వాటిని భయపెడుతుంది. భయపడని గింజ పొట్టు చిట్లి పిండైపోతుందని అక్కడి ఆడవాళ్లందరికీ తెలుసు. మొన్న గురువారం ఎవరి చావుకో వెళ్లి ఆలస్యంగా వచ్చేసరికి, కోడలు నీవెస్ కుక్కర్‌లోంచి కూర వడ్డించేస్తోంది.

"పుట్టగొడుగులు కడిగావా?"

"శుభ్రంగా కడిగానత్తయ్యా. జనం ఆకలితో కూచున్నారు మరి."

ఫెర్మీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతలో, ఇరవై ఏళ్లుగా అదే మూల బల్ల దగ్గర తినే ఎవుటీకియో, రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడుచుకుంటూ, "ఇవాళ కూర ఎన్నడూ లేనంత బాగా కుదిరింది ఫెర్మీనా. ఇంకాస్త వెయ్యి," అన్నాడు.

ఆమె గిన్నె లాక్కుంది.

"ఇరవై ఏళ్లుగా నేను భయపెట్టాల్సింది గింజల్ని కాదు, నిన్ను."