పద్దెనిమిది వోల్టులకు పోయిన పెడల్

దెయ్యాలే నిజంగా ఉంటే మా బజారులో ఎవరో ఒకరు ఈపాటికి వాటిని కిలోల లెక్కన అమ్మేవారు. వాటి గురించి నా అభిప్రాయం అంతే. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దెయ్యం అనను. ఏమనాలో తెలియదు.

ఫలక్‌నుమాలో మాకు స్టీలు సామాన్ల దుకాణం. పెళ్లిళ్లప్పుడు ఖాజా భాయ్ మర్ఫా డప్పుల బృందంలో గిటారు వాయిస్తాను. బరాత్ ఊరేగింపులో డప్పులన్నీ ఒక్కసారిగా లేస్తే నా గిటారు ఎవరికీ వినబడేది కాదు. ఒకరోజు ఖాజా భాయ్ అందరి ముందే అనేశాడు.

“ఏంది మహేశ్, నీ గిటారు వాయించనీకి వస్తుందా, బిర్యానీ తిననీకి వస్తుందా? ఐతారం బరాత్‌ల నాకు వినబడకపోతే ఇగ నువ్వు దుకాన్ల గిన్నెలే వాయించుకో.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బృందంలో నా చోటు వదులుకునేది లేదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

గిటారుకూ స్పీకరుకూ మధ్య నేనొక పెడల్ పెడతాను. కాలితో నొక్కితే శబ్దాన్ని పెంచే చిన్న డబ్బా అది. తొమ్మిది వోల్టులతో నడుస్తుంది. మరీ పెంచితే స్వరం పగిలిపోతుంది. కొన్ని పెడల్స్‌కు పద్దెనిమిది వోల్టులిస్తే ఎంత గట్టిగా వాయించినా స్వరం శుభ్రంగా నిలబడుతుందని విన్నాను. నాది ఆ కొన్నింటిలో ఉందో లేదో కనుక్కోలేదు. సరుకు మీద రాసిన ధరను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అది బేరం మొదలుపెట్టడానికి మాత్రమే. డబ్బా మీద తొమ్మిది అని ఉంటే, పద్దెనిమిది దాకా లాగొచ్చనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున పద్దెనిమిది వోల్టుల కొత్త అడాప్టర్ తగిలించాను. టప్పుమంది. కాలిన వాసన. విప్పి చూస్తే లోపలి చిప్ నిలువునా పగిలి ఉంది.

“పోనీ తియ్యి బిడ్డా, ఒక్క దినం ఇంట్ల కూసుంటే ఏమైతది?” అంది అమ్మ.

నేను కూర్చోలేదు. సరుకు లేని రోజు ఖాళీ డబ్బాలు పేర్చి దుకాణం నిండుగా చూపించినట్టు, చచ్చిన పెడల్‌నే వైర్ల మధ్య పెట్టుకుని జల్‌పల్లిలో బరాత్‌కు వెళ్లాను. నొక్కకుండా వదిలేస్తే గిటారు శబ్దం దాని గుండా మామూలుగా వెళ్తుంది. నొక్కితే ఏమీ రాదు. అడాప్టర్ ఇంట్లోనే వదిలేశాను.

ఫంక్షన్ హాలు గేటు ముందు బరాత్ ఆగింది. డప్పులు లేచాయి. అలవాటు కొద్దీ కాలు పెడల్ మీద పడింది. అంతే, నా చెవికి గిటారు ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. స్విచ్ బిగుసుకుపోయింది. అయినా చేతులు ఆపలేదు. నాకే వినబడని పాటను పళ్లు బిగబట్టి చివరిదాకా వాయించాను.

ఖాజా భాయ్ డప్పు కొడుతూనే నా వైపు తిరిగాడు.

“హౌ! గిట్ల వినబడాలె! ఇన్నొద్దులు ఏడ దాచినవ్ రా?”

ఎగతాళి అనుకున్నాను. ఇంతలో పెళ్లికొడుకు బావ వచ్చి, గిటారు మస్తుందంటూ అప్పుడే ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. అన్ని డప్పుల మీదుగా గిటారు, ఎక్కడా పగలకుండా, స్పష్టంగా వినిపిస్తోంది.

అక్కడే, ఆ గేటు పక్కనే పెడల్ విప్పాను. పగిలిన చిప్ పగిలినట్టే ఉంది. లోపల బ్యాటరీ లేదు. కరెంటు వచ్చే దారే లేదు.

నా చోటు ఖాయమైంది. తర్వాత పద్దెనిమిది వోల్టులు తట్టుకునే పెడల్‌నే, ఈసారి అడిగి తెలుసుకుని మరీ కొన్నాను. బాగానే పలుకుతుంది.

ఆ వీడియో అడిగి తీసుకున్నాను. ఎన్నోసార్లు విన్నాను. పాట మధ్యలో ఒకచోట నా వేలు జారి పక్క తీగకు తగిలింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వీడియోలో సరిగ్గా అక్కడ ఆ తప్పు కూడా వినిపిస్తుంది. కాబట్టి వాయించింది నేనే, అందులో అనుమానం లేదు. కానీ వాయిస్తున్నప్పుడు నాకు ఒక్క స్వరమూ వినబడలేదు.