మార్చి పాతిన ముచ్చెలు

నా చిన్నప్పుడు మా గడిలో, ఆ కోటలాంటి దొరల ఇంట్లో, ఎవరూ తప్పు చేసేవారు కాదు. చేసినా ఆ మాట బయటికి వచ్చేది కాదు. బోధన్ దగ్గర మా ఊళ్లో మా తాత దేశ్‌ముఖ్. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆ దేశ్‌ముఖ్ అనే మాట ఒక్కటే మిగిలింది. ఊళ్లు పోయాయి, భూములు పోయాయి, గుర్రాల కొట్టంలో కట్టెలు పేర్చుకునేవాళ్లం. గడి గోడలు మాత్రం ఎత్తుగా అలాగే ఉండేవి. ఆ గోడల అవతల ఊరి పిల్లలు ఆడుకునే కేకలు వినిపించేవి. నేను వెళ్లడానికి వీల్లేదు. దొరబిడ్డ మట్టిలో ఆడడు, ఎవరితోనూ వాదించడు, అన్న మాట వెనక్కి తీసుకోడు. పదేళ్ల వాణ్ని, ఆ మూడు నియమాల మధ్య తిరిగేవాణ్ని.

మాకు మిగిలింది కాలువ కింద నాలుగెకరాల చెరుకు. అంతకు ముందు రెండేళ్లు ఆ పొలం సరిగా మొలవలేదు. సాలు పొడవునా నాలుగు మొక్కలుంటే పది అడుగుల ఖాళీ. తాత మొదటి ఏడు కాలువ నీళ్లను తిట్టారు, రెండో ఏడు కూలీలను తిట్టారు. మూడో ఏడు కూడా అలాగే అయితే పొలం వేరేవాళ్లకు అప్పగించి, మేమంతా నిజామాబాద్‌లో మా అమ్మ అన్నగారింట్లో తలదాచుకోవాలని ఇంట్లో తేలిపోయింది. ఆ మాట అమ్మ వంటింట్లో చెప్పింది. తాత ముందు ఎవరూ అనలేదు.

ఆ ఏడు చలికాలంలో హైదరాబాదు నుంచి వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఇరవై మంది మా ఊరికి వచ్చారు. నెల రోజులు పొలాల మీద ఉండి చెరుకు సాగు నేర్చుకోవాలని వాళ్లను పంపారు. ఉండడానికి తాత గడిలో తూర్పు గదులు ఇచ్చారు. వాళ్లతో వచ్చిన సారు నిజామాబాద్ పాతబస్తీకి చెందిన ముస్లిం. సన్నగా, గళ్ల మఫ్లరు చుట్టుకుని ఉండేవారు. ఆయన ఉర్దూ విని తాత మురిసిపోయి, కాలువ పొలంలో ఒక పక్క వాళ్లు నాటుకోవడానికి ఒక మడి కూడా ఇచ్చారు.

మొదటి రోజు అందరం పొలం గట్టు మీద చేరాం. తాత కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, నేను పక్కన నిలబడ్డాను. చెరుకును మూడేసి మొలక కళ్లు ఉండేలా నరికి, ఆ ముక్కల్ని సాళ్లలో పడుకోబెట్టి మట్టి కప్పుతారు. వాటినే ముచ్చెలంటారు. సారు ఒక నిలువెత్తు చెరుకు గడ చేత్తో పట్టుకుని, విద్యార్థులను వదిలేసి నన్ను అడిగారు.

"చిన్నదొరా, మీ దిక్కు ముచ్చెలకు గీ గడల ఏ భాగం నరుకుతరు?"

నన్ను ఒక పెద్దమనిషి సలహా అడగడం అదే మొదలు. "కిందిది," అన్నాను. "కిందిది లావుగుంటది, తియ్యగుంటది. పైది సప్పగుంటది. అది ఎడ్లకు ఏస్తం."

"శానా మంచిగ చెప్పిండ్రు. ఇగో, ఇయ్యాల వీళ్లకు పాఠం మీరే చెప్పుండ్రి."

నేను చెప్పాను. లావు ముచ్చెలోనే బలం ఉంటుందని, మా ముత్తాతల నాటి నుంచి ఇదే పద్ధతని, పైముక్కలు నాటేవాళ్లు లేకితనం కొద్దీ నాటుతారని కూడా అన్నాను. విద్యార్థులు తలలు వంచుకుని నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. రాయనివాడు ఒక్కడే. వేల్పూర్ పసుపు రైతు కొడుకు, నల్లగా, పొట్టిగా ఉండేవాడు. చేతులు కట్టుకుని గడ వైపు చూస్తున్నాడు.

"అందరు రాసుకున్నరా?" అన్నారు సారు. "మరి ఎందుకని ఒక్కలన్న అడిగిండ్రా? పదేండ్ల పిలగాడు చెప్పినా రాస్తిరి, నేను చెప్పినా రాస్తిరి."

ఒకడు నెమ్మదిగా, "పరీక్షల గిది వస్తదా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు.

ఆయన రెండు సాళ్లు తీయించారు. ఒకదాంట్లో గడ అడుగు భాగం ముచ్చెలు ముప్పై, రెండోదాంట్లో పై భాగం ముచ్చెలు ముప్పై. అడుగు ముచ్చెల సాలు నాది అన్నారు. రోజూ ఎన్ని మొలిచాయో ప్రతి విద్యార్థీ స్వయంగా లెక్కబెట్టి రాయాలని చెప్పారు. అప్పుడు తాత కుర్చీలోంచే అన్నారు.

"సాబ్, నెల దినాలకు లెక్క సూద్దం. ఏ సాలు మంచిగ మొలిస్తె నా నాలుగెకరాలల్ల అదే పెడత. గిది నా మాట."

ఆ మాటతో నా గుండె ఉప్పొంగింది. గెలుపు మాదే అనుకున్నాను.

రెండు వారాలు తిరిగేసరికి పై ముచ్చెల సాలులో ఆకుపచ్చ ముళ్లలాంటి మొలకలు వరసగా లేచాయి. నా సాలు నున్నగా ఉంది. పొద్దున్నే వెళ్లి వంగి చూసేవాణ్ని. మట్టి పెళ్ల పగిలినా మొలకేమో అనుకునేవాణ్ని. తాత పొలానికి రాలేదు, లెక్క రోజే వస్తానన్నారు. రోజూ సాయంత్రం దీపం వెలిగించే వేళ అడిగేవారు.

"మొలిసినయా?"

"మొలుస్తున్నయి తాతా."

మొదటి రోజు ఆ మాట సగం ఆశతో అన్నాను. తరవాత వెనక్కి తీసుకోలేకపోయాను. ప్రతి సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు. ఒక్కో జవాబుతో గడి గోడలు ఇంకో జానెడు లోపలికి జరిగినట్టు అనిపించేది. అమ్మతో చెప్పాలని వంటింటి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేవాణ్ని. తాత నా భుజం తట్టి, "మన ఇత్తనం గట్లనే ఉంటది," అనేవారు. ఆ చెయ్యి బరువుకు నిద్ర పట్టేది కాదు.

లెక్క రేపనగా, మిట్టమధ్యాహ్నం విద్యార్థులందరూ భోజనాలకు గడికి వెళ్లాక నేను ఒక్కణ్నే పొలానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు ఏమనుకున్నానో తెలియదు. పై ముచ్చెల సాలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తవ్వాను. అంతకు ముందు నేను మట్టిలో చేతులు పెట్టలేదు. మొలకతో సహా ముచ్చెను బయటికి తీశాను. తెల్లటి వేర్లు తెగాయి. దాన్ని నా సాలులో పాతి, నా మొలవని ముచ్చెను దాని గుంటలో పెట్టి కప్పాను. అలా పన్నెండు మార్చాను. గోళ్లలో నల్లమట్టి ఇరుక్కుంది. కాలువలో ఎంత కడిగినా పోలేదు. ఆ రోజు అన్నం స్పూనుతో తింటానని మారాం చేశాను.

మర్నాడు పొద్దున తాత శేర్వాణీ వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. విద్యార్థులు సాళ్ల వెంట నడుస్తూ లెక్కపెట్టారు. నా సాలులో పంతొమ్మిది, పై ముచ్చెల సాలులో పన్నెండు. అందరి లెక్కా ఒక్కటే. మిగతావాళ్లు రోజూ లెక్క రాయడం ఎప్పుడో మానేశారు. వేల్పూర్ వాడి పుస్తకంలో మాత్రం నిన్నటి తేదీ కింద వేరే లెక్క ఉంది. అడుగు ముచ్చెలు ఏడు, పై ముచ్చెలు ఇరవై నాలుగు.

"ఏందిరా, నిన్న నిద్రల లెక్కబెట్టినవా?" అన్నాడు ఒకడు.

"పసుపు కొమ్ములు లెక్కబెట్టుకుంట వచ్చిండు వీడు," అన్నాడు ఇంకొకడు.

"నేను దినాం లెక్కబెట్టిన," అన్నాడు వాడు. "మీరు ఇయ్యాల ఒక్కదినమే లెక్కబెట్టిండ్రు. నిన్న ఏడే ఉండె." వంగి నా సాలులో ఒక మొలకను వేలితో తాకాడు. దాని ఆకు వాడిపోయి పక్కకు వాలి ఉంది. వాడు తలెత్తి నా వైపు చూశాడు. చూసి, పుస్తకం మూసేశాడు.

తాత అప్పటికే కుర్చీలోంచి లేచారు. "అయిపోయింది. మాట మాటే. అడుగు భాగమే నరుకుండ్రి, రేపు నాలుగెకరాలల్ల నాటుదురు," అని కూలీల మేస్త్రీతో అన్నారు. కత్తులు తీసుకుని నలుగురు గడల కుప్ప వైపు నడిచారు.

నా కళ్ల ముందు ఆ నాలుగెకరాలూ ఖాళీగా కనిపించాయి. ఆపేయండి అనాలి. అంటే అన్నాళ్ల నా అబద్ధం తాత మీద, అందరి ముందు పడుతుంది. అనకపోతే పొలం పోతుంది. పారిపోవడానికి కూడా ఒక దారి కావాలి, నాకు అన్ని వైపులా గడే కనిపించింది.

సారు చెయ్యెత్తి, "దేశ్‌ముఖ్ సాబ్, జర ఐదు నిమిషాలు ఆగుండ్రి. నా పాఠం ఇంక కాలె," అన్నారు. విద్యార్థులను గట్టు మీద కూర్చోబెట్టి, తాను వాళ్ల ముందు నిలబడ్డారు. ఎవరి లెక్క తప్పో ఆయన చెప్తారనుకున్నాను. ఆయన ఆ సాళ్ల మాటే ఎత్తలేదు. విద్యార్థులు సొంతంగా నాటుకున్న మడి చూపించారు. ఆ మడిలో పల్లపు వైపు ఒక్క మొక్కా లేదు.

"మొదటి దినం నాటంగనే సాలు నిండ నీళ్లు పెట్టుమని మీకు చెప్పిన. ఎన్నో ఏండ్ల సంది ఇదే చెప్తున్న. గీ నల్లరేగడిల నీళ్లు ఇంకలె, ముచ్చెలు మురిగినయి. నేను నిన్న తవ్వి సూసిన. గలతీ నాది. మీరు రాసుకున్నది కొట్టెయ్యుండ్రి."

ఒక కుర్రవాడు, "సార్, అది నోట్సుల ఉన్నది కద," అన్నాడు.

"అందుకే కొట్టెయ్యమంటున్న బేటా. మీరు రేపు ఊళ్లల్లకు పోతరు. రైతు మీ మాట నమ్మి పొలం పెడతడు. మీ నోట్సు మురిగితే పర్వాలేదు, వాని పొలం మురగొద్దు."

అప్పుడు పుస్తకాలు తెరిచారు. పెన్సిళ్లు కాగితం మీద అడ్డంగా గీతలు గీస్తున్న చప్పుడు వినిపించింది. నేను సారు ముఖమే చూస్తున్నాను. చదువుకున్న మనిషి, ఇరవై మందికి గురువు, మా తాత ముందు నిలబడి తప్పు నాదని అన్నారు. ఆకాశం విరిగి పడలేదు. ఆయన మఫ్లరు కూడా జారలేదు. విద్యార్థులు ఆయనను అంతకు ముందుకన్నా శ్రద్ధగా చూస్తున్నారు. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే చచ్చిపోవడంతో సమానం అనుకునేవాణ్ని. ఈయన బతికే ఉన్నారు.

"ఇప్పుడు ఒక్కొక్కరు, మీ కండ్లతోని సూసింది ఒక్కటి చెప్పుండ్రి," అన్నారు. ఒకరిద్దరు చెప్పారు. తరవాత నా వైపు తిరిగారు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, బెదిరింపు లేదు. "చిన్నదొరా, మొదటి దినం పాఠం చెప్పింది మీరు. మీరేం సూసిండ్రు?"

ఆయనకు తెలుసు. వాడిన ఆకులు చూడగానే తెలిసి ఉంటుంది. ఆయన చెప్పేయవచ్చు, వేల్పూర్ విద్యార్థి చెప్పేయవచ్చు. ఇద్దరూ ఆ పని నాకే వదిలేశారు.

"నిన్న పగటీలి నేనే మార్చిన," అన్నాను. "పన్నెండు. నాయి ఏడే మొలిసినయి. ఆయన పుస్తకంల ఉన్నదే నిజం."

తాత వైపు చూడలేదు. ఆయన మేస్త్రీతో అనడం వినిపించింది. "ఆగుర్రి. ఏది మొలిస్తె అదే పెడత అన్న. పై భాగం నరుకుండ్రి." నాతో ఒక్క మాటే అన్నారు. "ఇంటికి నడు."

ఎందుకు అలా జరుగుతుందో సారు ఆ రోజే విద్యార్థులకు చెప్పారట. గడ అడుగు భాగంలో తీపి ఎక్కువ, కళ్లు ముదిరిపోయి ఉంటాయి. పై భాగం లేత, దాని కళ్లు తొందరగా మేలుకుంటాయి. నేను ఆ పాఠం వినలేదు, గడిలో ఉన్నాను. విద్యార్థులు వెళ్లిపోయిన రోజు కూడా కిటికీలోంచే చూశాను. సారు తలెత్తి నాకు సలాం చేశారు, పెద్దవాళ్లకు చేసినట్టు.

తాత నాతో మాట్లాడలేదు. సాయంత్రపు ప్రశ్న ఆగిపోయింది. నెల దాటాక ఒక పొద్దున చేతికర్ర తీసుకుని, నన్ను వెంట రమ్మని సైగ చేశారు. కాలువ పొలం నిండా మొలిచింది. సాళ్ల వెంట నడుస్తూ ఒకచోట ఆగి, కర్రతో ఒక చిన్న ఖాళీ చూపించారు.

"గీడ ఎందుకు మొలవలె?"

నాకు భయమేసింది. అయినా, "తెల్వది తాతా," అన్నాను.

ఆయన కర్ర మొనతో ఆ ఖాళీలో మట్టి కదిపారు. "నాకు గూడ తెల్వది," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. నాకు తెలిసి అదే చివర. ఆ పొలం ఇంకో ఆరేళ్లు మా చేతిలో ఉంది. తరవాత వేరే కారణాలకు పోయింది. గడి కూడా పోయింది.

నేను వ్యవసాయమే చదివి, వ్యవసాయమే పాఠం చెప్పి రిటైరయ్యాను. నా విద్యార్థులు కూడా చెప్పిందల్లా రాసుకునేవారు. వాళ్లను పొలానికి తీసుకెళ్లి లెక్కపెట్టించేవాణ్ని. లెక్క నా మాటకు ఎదురొచ్చిన రోజు క్లాసులో నిలబడి, తప్పు నాదని చెప్పేవాణ్ని. అది నాకు ఎన్నడూ సులువు కాలేదు. నేను ఆ ఇంటి బిడ్డనే. ప్రతిసారీ తలుపులన్నీ మూసుకున్నట్టు ఉండేది. ఆ మాట అనేశాక నలభై కలాలు ఒక్కసారి గీత గీస్తున్న చప్పుడు. ఆ చప్పుడు విన్నాకే నాకు ఊపిరి ఆడేది.