సొలొమోను గారు బిగించిన మూతలు

సొలొమోను గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పటమటలో మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. పొద్దున్నే పేపరు ముందు నాకిచ్చి, నేను చదివాక తను చదివే మనిషి, ఉన్నట్టుండి దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది. తప్పేమిటో చెప్పకుండా ముఖం మాడ్చుకునేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు.

ఆయన ఆర్టీసీ డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి, నాలుగేళ్ళ కిందట రిటైరయ్యారు. బస్సు చక్రాల నట్లు బిగించీ బిగించీ ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇల్లంతా ఒకసారి తిరుగుతారు. కుళాయి కట్టేస్తారు, గ్యాసు రెగ్యులేటరు చూస్తారు, చివరికి వంటింట్లో ఉప్పు, కారం, పచ్చళ్ళ సీసాల మూతలు వరసగా బిగిస్తారు. మామూలు మనుషులు ఆపేసే చోట ఆయన ఇంకో చుట్టు తిప్పుతారు. "వదులుగా వదిలేస్తే దారిలో ఊడుతుందోయ్" అంటారు. ఆవకాయ సీసా ఏ దారిన పోతుందో నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు ఆ మూతలు తియ్యాలంటే మళ్ళీ ఆయనే కావాలి. ఆయన రిటైరైన నాటి నుంచి గోడవతల ఆయన భార్య హెలెన్ పిన్నిగారి పిలుపు నాకు రోజూ వినబడుతుంది. "ఏమండీ, ఒకసారి వచ్చి ఈ మూత తీసిపెట్టండి." డిపో నుంచి కబురొచ్చినట్టు ఆయన చొక్కా సర్దుకుని మరీ వెళ్ళేవారు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఆయన వేళ్ళ కణుపులు వాచాయి. డాక్టరు కీళ్ళవాతమని మాత్రలిచ్చాడు. ఇంట్లో మాత్రం అవి బీపీ మాత్రలని చెప్పారట. సాయంత్రానికి వేళ్ళు కాస్త సాగేవి కాబట్టి మూతలు బిగించగలిగేవారు. తెల్లవారేసరికి అవి కొయ్యబారిపోయేవి. రాత్రి తను బిగించినదే పొద్దున తనకు లొంగేది కాదు.

ఒక ఆదివారం ఆవకాయ సీసా అసలే లొంగలేదు. "మేడ మీద ట్యాంకు నిండిందేమో చూసొస్తా" అని దాన్ని గట్టు మీద పెట్టేసి మెట్లెక్కారు. దిగి వచ్చి అన్నానికి కూర్చుంటే కంచంలో ఎర్రగా ఆవకాయ ఉంది. గుమ్మంలో నా చెప్పులున్నాయి. ఇస్త్రీపెట్టె అడగడానికి వెళ్ళాను నేను. మూత కూడా నేనే తీశాననుకున్నారాయన. "ఆ ఇంట్లో నాకు మిగిలిన డ్యూటీ అదొక్కటేనోయ్. అదీ నీకు పోయిందనుకున్నా" అని తర్వాత ఆయనే చెప్పారు.

ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగారు. సిటీ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళడం, స్టీలు సామాన్ల దుకాణాలు గాలించడం, ఏదో ఒకటి కొనడం, దాన్ని స్కూటరు డిక్కీలో దాచడం. మొదట తెచ్చింది పట్టకారులాంటిది. మూతను దాంతో పట్టి గట్టిగా నొక్కాలి. అంత గట్టిగా నొక్కగలిగే వేళ్ళే ఉంటే ఇదెందుకు? తరవాత గుండ్రటి రబ్బరు ముక్క తెచ్చారు. మూత జారలేదు గాని, మణికట్టు తిప్పడం తప్పలేదు, ప్రాణం పోయినంత పనయింది. మూడోది మూత అంచు కింద దూర్చి పైకి లేపేది. కొత్త జామ్ సీసాకి పనికొచ్చింది. ఈయన బిగించిన మూత దగ్గర అదీ ఓడిపోయింది.

నాలుగోసారి వెళ్ళిన దుకాణంలో రామతులసి గారని, యాభై దాటిన ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు.

"జేబులో పట్టేది కావాలండి. మా ఆవిడకి" అన్నారీయన.

ఆవిడ ఈయన వేళ్ళ వంక చూసి, ఇంకేం అడగకుండా, మూత బిగించిన ఖాళీ సీసా ఒకటి ముందు పెట్టారు. "జేబులో పట్టేవన్నీ చేతి బలం అడుగుతాయండి. వేళ్ళతో పని ఉన్నదేదీ వద్దు. ఇది చూడండి."

గల్లాపెట్టె బల్ల అడుగున పళ్ళున్న రేకు ఒకటి కోణంగా బిగించి ఉంది. సీసాని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, మూతను ఆ కోణంలోకి తోసి, ఒంటితో పాటు సీసాని తిప్పమన్నారు. ఈయన తిప్పారు. మూత వచ్చేసింది. నెల తరవాత మొదటిసారి నొప్పి లేకుండా వచ్చింది.

"కాకపోతే ఇది దాచిపెట్టేది కాదండి. గట్టుకి మరలేసి బిగించుకోవాలి" అన్నారావిడ.

అదే చిక్కు. బిగిస్తే తన వేళ్ళ సంగతి హెలెన్ గారికి తెలిసిపోతుంది. బిగించకపోతే మూత రాదు, ఆవిడ ఇక పిలవదు. దుకాణం మెట్ల మీద రెండుసార్లు దిగి, రెండుసార్లు ఎక్కి, చివరికి కొన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ చర్చిలో స్త్రీల కూడికకు వెళ్ళగానే స్క్రూడ్రైవరు పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చున్నారు. గట్టు అడుగు చెక్కను చేత్తో తడిమారు. చేతికి పళ్ళు తగిలాయి. వంగి చూస్తే అక్కడ అచ్చం అలాంటిదే ఒకటి బిగించి ఉంది. మరలు తుప్పు పట్టి ఉన్నాయి, రెండూ వంకరగా దిగాయి. ముందు ఆయనకు కోపం ఆ వంకర మరల మీదే వచ్చిందట. అంటే ఆవిడకి తనతో పనే లేదని ఆ తరవాతే తట్టింది.

ఆవిడ వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు.

"ఇదెప్పటిదే?"

ఆవిడ బైబిలు అలమరలో పెట్టి వచ్చి చూశారు. "ఆరేళ్ళయింది. రాత్రి మీరు అన్నీ బిగించేసి, తెల్లారకుండానే డ్యూటీకి వెళ్ళిపోయేవాళ్ళు. ఉప్పు సీసా మూత ఎవరు తీస్తారు నాకు?"

"జాన్సన్ తీశాడనుకున్నా."

"ఆ అబ్బాయికి వాళ్ళ మంచినీళ్ళ సీసా మూతే రాదు."

నా గురించిన ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది ఆయన.

"మరి రిటైరయ్యాక నన్నెందుకు పిలుస్తున్నావు?"

"పిలవకపోతే మీరు వంటింట్లోకి వస్తారా? పొద్దస్తమానం ఆ వరండాలో గేటు వంక చూస్తూ కూర్చునేవారు. నాకు బెంగగా ఉండేది." మళ్ళీ ఆవిడే అన్నారట, "మీ వేళ్ళ సంగతి నాకు తెలుసు. బీపీ మాత్ర వేసుకుని కణుపులు రుద్దుకుంటారా ఎవరైనా? నొప్పిగా ఉంటే రేపటి నుంచి పిలవనులెండి."

"పిలు" అన్నారాయన.

ఆ రాత్రి అలవాటుగా ఇల్లంతా తిరిగారు. కుళాయి కట్టేశారు, రెగ్యులేటరు చూశారు. ఆవకాయ సీసా దగ్గర మూత పెట్టి, చివరి చుట్టు తిప్పకుండా చెయ్యి తీసేశారు.

ఇదంతా మర్నాడు పొద్దున్న పేపరు నా చేతిలో పెట్టి చెప్పారు. చెబుతూ ఉండగానే లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"ఏమండీ, ఒకసారి వచ్చి ఈ మూత తీసిపెట్టండి."

ఆ మూత వదులుగానే ఉందని మా ముగ్గురికీ తెలుసు. ఆయన చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళారు.