ఆలేరు బిక్షమ్మ గొంతు

కడుపున పుట్టిన పిల్లలు వరుసగా దక్కకపోతే, ఆ తర్వాతి బిడ్డకు దేవుణ్ణి అడుక్కుని తెచ్చుకున్నట్టు బిక్షం అనో బిక్షమ్మ అనో పేరు పెట్టడం నల్లగొండ వైపు ఆనవాయితీ. ఆలేరులో రైలు పట్టాల పని చేసే అంజయ్య కూతురు అలాగే బిక్షమ్మ అయింది. స్టేషన్ పక్కన డేరా వేసిన నాటకాల కంపెనీ వెంట మద్రాసు చేరాక కుముదిని అయింది. పేరు మార్చడం సినిమావాళ్లకు చిటికెలో పని. నాలుక మార్చడమే వాళ్ల చేతకాలేదు.

మొదటి సినిమాలో ఆమెది కథానాయిక స్నేహితురాలి వేషం. "ఎక్కడికి వెళ్తున్నావే?" అని అడగడమొక్కటే పని. తీరా లైట్లు వెలిగేసరికి ఆమె నోట "ఏడికి పోతున్నవే?" అని వచ్చింది. అందరూ విరగబడి నవ్వారు. లైటు పట్టుకున్నవాడికి తెలుగే రాదు, వాడూ నవ్వాడు! సంభాషణలు నేర్పే పెద్దమనిషి, "పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదమ్మాయ్" అని తేల్చేశాడు. ఆమె పెదవులకు ఇంకో అమ్మాయి గొంతు అతికించారు.

బిక్షమ్మ పౌరుషం గల మనిషి. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా "ఎక్కడికి, ఎక్కడికి" అని వల్లించి, చివరికి కృష్ణా జిల్లా ఆడపడుచులా మాట్లాడటం పట్టుబడే దాకా వదల్లేదు. నాలుక దారికొచ్చింది గానీ నిర్మాతలు దారికి రాలేదు. కుముదిని అంటే ఆ అరువు గొంతే అని జనానికి అలవాటైపోయింది, ఇప్పుడు మారిస్తే ఒప్పుకోరన్నారు. ముప్పై చిల్లర సినిమాల్లో చెల్లెలైంది, అక్కయింది, తల్లయింది. ఒక్కదాంట్లోనూ తన గొంతు లేదు.

వేషాలు తగ్గాక ఆలేరు వచ్చి తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడు పోయాక అతని భార్య ఈదమ్మ, తనూ మిగిలారు. ఇద్దరికీ పొద్దున లేస్తే పోట్లాట, పొద్దు గూకితే ఒకే కంచం. టీవీలో పాత సినిమా వస్తే ఈదమ్మ వాడంతా పిలిచి మా వదినె, మా వదినె అని చూపించేది. బిక్షమ్మ మాత్రం లేచి వెళ్లి శబ్దం తగ్గించేది.

తెలంగాణ వచ్చాక మన మాటలోనే సినిమాలు తీస్తామని కొందరు పిల్లలు బయల్దేరారు. షాద్‌నగర్ దివాకర్ వాళ్లలో ఒకడు. ఆమెను వెతుక్కుంటూ ఆలేరు వచ్చాడు.

"అవ్వా, వేషం చిన్నదే. మాట మాత్రం మన మాట ఉండాలె."

బిక్షమ్మ అడిగింది ఒక్కటే. "గొంతు నాదే ఉంటదా బిడ్డా? మళ్ల ఎవల్తోనన్న చెప్పిస్తరా?"

"నీదే అవ్వా. ఇప్పుడు షూటింగ్ చేసే కాడనే మాట గూడ రికార్డు చేస్తం."

ఆ మాటకు ఆమె డెబ్బై దాటిన వయసును పక్కన పెట్టి, ఈదమ్మను వెంటేసుకుని మర్రిగూడ పత్తి చేలకు వెళ్లింది. భూమి ఖాళీ చేయమని వచ్చిన ఆఫీసరుతో ఓ ముసలమ్మ మొండికేసే ఘట్టం. "గీ జాగ నాది. నేనేడికి పోను" అనాలి.

దివాకర్ యాక్షన్ అన్నాడు. బిక్షమ్మ ఠీవిగా తలెత్తి, "ఈ స్థలం నాదండీ. నేనెక్కడికీ వెళ్లను" అంది.

ఎన్నిసార్లు చేసినా అదే వరస. మామూలుగా మాట్లాడితే ఆలేరు, యాక్షన్ అంటే మద్రాసు! ఒకప్పుడు కష్టపడి నేర్చిన "ఎక్కడికి" ఇప్పుడు వద్దన్నా వచ్చి నాలుక మీద కూర్చుంటోంది. డబ్బు పెట్టిన మల్లికార్జున్‌కు ఓపిక అయిపోయింది. "ఫికరెందుకు దివాకర్, మొకం మంచిగున్నది. గొంతు వేరేటోళ్లతోని పెడదం" అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది.

బిక్షమ్మ గట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. మల్లికార్జున్ మీదకన్నా తన నాలుక మీదే కోపం వచ్చింది. ఈదమ్మ నీళ్ల సీసా అందిస్తూ ఊరుకుంటే ఈదమ్మ ఎలా అవుతుంది?

"ఏంది వదినె, ఇంట్ల నన్ను తిట్టేటప్పుడు గీ అండీలు ఏడ వోతయి?"

"నోర్ముయ్యే! నువ్వు గెలుకుతవు గాబట్టే తిడుత..."

బిక్షమ్మ అక్కడే ఆగిపోయింది. తన నోట ఏం వచ్చిందో తనకే వినిపించింది. లేచి దివాకర్ దగ్గరికి వెళ్లింది.

"బిడ్డా, గా ఆఫీసరు పిలగాణ్ణి జర పక్కకు జరుపు. కెమెరా పక్కపొంటి మా ఈదమ్మను నిలవెట్టు. నువ్వు మాత్రం యాక్షన్ అనకు."

ఈదమ్మకు ఎవరూ ఏమీ నేర్పలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని ఒక్క అరుపు అరిచింది.

"ఇంకెన్నొద్దులు కూసుంటవ్ వదినె మా ఇంట్ల? ఆ ఇల్లు నా పెనిమిటిది. మూట సర్దుకో, నడువ్!"

బిక్షమ్మ కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏందే? గీ జాగ నాది! మా బాపు చెమటోడ్సి సంపాయించిన జాగ! నేనేడికి పోను. పోతే నువ్వే పో!"

దివాకర్ కట్ చెప్పడం మరిచిపోయాడు. మల్లికార్జున్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఈదమ్మ అప్పటికే పరుగెత్తి వచ్చి, "ఉత్తగనే అన్న వదినె, మనసుల వెట్టుకోకు" అని కాళ్లు పట్టుకోబోయింది. బిక్షమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని పగలబడి నవ్వింది.

సినిమా ఆలేరుకు వచ్చిన రోజు హాలు కిటకిటలాడింది. గట్టు మీద ముసలమ్మ కనిపించగానే ఈలలు మొదలయ్యాయి. "గీ జాగ నాది!" అనేసరికి కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. ఈదమ్మ సంబరంగా పక్కకు తిరిగి చూస్తే, బిక్షమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"కండ్లు తెరువు వదినె! నీ బొమ్మ పోతాంది!"

"పోనియ్యే. మొకం యాభై ఏండ్ల సంది చూస్తనే ఉన్న. జర విననియ్యి."