బొంగరం కూర్చున్న పురుగుల షెడ్డు

మదనపల్లెలో పిల్లల డాక్టరుగారి దగ్గర కౌన్సెలర్‌గా కొత్తగా చేరిన ఆ రోజుల్లో, లోకంలో మాట వినని పిల్లలు లేరనీ, చెప్పడం చేతకాని తల్లిదండ్రులే ఉన్నారనీ నాకు గట్టి నమ్మకం (అప్పటికి నాకు పెళ్లి కాలేదు, నమ్మకం గట్టిగా ఉండటానికి అదే కారణం). అలాంటి నా దగ్గరికి పుంగనూరు పక్క పల్లె నుంచి ఒక రైతు, ఆయన భార్య రెండో తరగతి చదివే కూతురిని తీసుకొచ్చారు. ఇంట్లో అందరూ ఆ పిల్లను బొంగరం అనేవారు. మేం మాట్లాడుతుండగానే బొంగరం నా బల్ల ఎక్కి, స్విచ్చులన్నీ నొక్కి, నా టిఫిన్ బాక్సులో ఏముందో బయట కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పేసింది. డాక్టరుగారు పరీక్షించి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని సమస్య, అన్నారు. అది పిల్ల పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదని విడమరిచి చెప్పారు. తండ్రి తల వంచుకుని విన్నాడు. "ఇస్కూల్లో టీసీ ఎత్తుకొని పొమ్మంటాండారు మేడమ్. కుప్పంలో హాస్టలుండాది, ఆడ కొట్టి దావకు తెస్తారంట. ఏసేస్తా," అన్నాడు. తల్లి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చూసి నేను ఒక నెల గడువు అడిగాను.

గడువైతే అడిగాను గానీ, నా దగ్గర ఉన్నదల్లా చదువుకున్న పాఠమే. మంచి పని చేస్తే వెంటనే మెచ్చుకోండి, ఒకసారికి ఒక పనే చెప్పండి, మరీ మితిమీరితే టీవీ, ఫోను, మనుషులు లేని చోట కాసేపు కూర్చోబెట్టండి, అక్కడ విసుగు పుట్టాలి అని ఊదరగొట్టాను. నెల తిరిగేలోపు ఒకసారి చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి నా ముందు పెట్టిన మజ్జిగ గ్లాసును బొంగరం తీసుకుని, నా కళ్ళలోకి చూస్తూ, నిదానంగా నేల మీద కుమ్మరించింది. "మా, తప్పు సేసినా. షెడ్డుకు పోతాండా," అని తుర్రుమంది.

"ఏ షెడ్డు అక్కా?" అన్నాను.

"పట్టుపురుగుల షెడ్డు. మనుషులు లేని తావు అంటిరి కదా మేడమ్, మాకు అట్లాంటి తావు అదొకటే. ఆడికి బయటోళ్ళను రానీము, గట్టిగా మాట్లాడనీము. ఇప్పుడు ఆడికి పోవాలని దినామూ కావాలనే తప్పు సేస్తాండాది!" అంది తల్లి.

నా చదువంతా ఆ మజ్జిగతో పాటే నేలపాలైంది.

అప్పుడే తండ్రి బండి మీద నుంచి కొత్త ట్రంకు పెట్టె దించాడు, కుప్పం ప్రయాణానికి. "సూస్తిరి కదా మేడమ్. ఇంక నా వల్ల కాదు," అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. పిల్ల అక్కడ ఏం చేస్తోందో చూడాలనిపించి, "ఒక్కసారి పిల్లను చూసొద్దాం రండన్నా," అన్నాను. అందరం షెడ్డు దగ్గరికి పోయాం. వల తలుపు లోపల, స్టూలు మీద బొంగరం కూర్చుని ఉంది. పురుగులు మల్బరీ ఆకు తింటున్న చప్పుడు సన్న వానలా వినిపిస్తోంది. పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటోంది, కాళ్ళు కూడా ఊపడం లేదు. ఆ పిల్ల అలా కదలకుండా ఉండగా నేను చూడటం అదే మొదలు. తండ్రి తనకు తెలియకుండానే తలుపు తోసి లోపల అడుగు పెట్టాడు. బొంగరం పెదవి మీద వేలు పెట్టుకుని, "నాయనా, సెప్పులు బయట ఇడ్సి రా. పురుగులకు రోగం తగులుతాది," అంది గుసగుసగా.

షెడ్డు పనికి వచ్చే ప్రతివాళ్ళకూ ఆయన చెప్పే మాటే అది. ఆయన వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అన్నీ ఇనింది మేడమ్. నా బిడ్డ అన్నీ ఇనింది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి పాఠం తిరగేశాం. తప్పు చేస్తే కాదు, చెప్పిన పని పూర్తి చేస్తే షెడ్డు. మందులూ నడిచాయి, బడిలో టీచరును నేనే పోయి బతిమాలాను. గలాటాలు తగ్గాయి గానీ పోలేదు. కుప్పం మాట మాత్రం మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నాకూ ఒక కొడుకున్నాడు, చెప్పిన మాట ఒక్కటీ వినడు (పెంపకం సంగతి ఎవరూ అడక్కండి). మొన్న పుంగనూరు వైపు పోతూ ఆ ఇంటి దగ్గర ఆగాను. బొంగరం హైస్కూలుకు వచ్చేసింది. షెడ్డు ముందు ఆ ట్రంకు పెట్టె మీదే పుస్తకాలు పరుచుకుని, మధ్యమధ్య లేచి ఒక చుట్టు తిరిగొచ్చి, లెక్కలు చేసుకుంటోంది. నన్ను చూసి లోపలికి పరుగెత్తి మజ్జిగ తెచ్చింది. విసుగు పుట్టే చోటు వెతకమని ఆ ఇంటికి అంత ధీమాగా చెప్పిన ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వుకున్నాను. గ్లాసును మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.